నాలుగు రబ్బరు ముక్కలు

క్రాంతి కొత్త హోం థియేటర్ ఆన్ చేసి పావుగంట కాలేదు, కాలింగ్ బెల్ మోగింది.

తలుపు తీస్తే ఎదురుగా కింది ఫ్లాటు రాజమల్లయ్య. నెల కిందటే కూతురితో కలిసి కిరాయికి దిగిన పెద్దాయన.

"గా బేస్ డబ్బా ఏడ వెట్టినవ్ బిడ్డా?" అని అరిచాడు.

అరుపంటే మామూలు అరుపు కాదు. పొలం అవతలి గట్టు మీది మనిషిని పిలిచినట్టుంది. పైగా మొహంలోకి చూడడు, చూపంతా క్రాంతి మూతి మీదే. సర్వపిండి ముక్కేమైనా అంటిందేమోనని క్రాంతి గబుక్కున మీసం తుడుచుకున్నాడు.

"మూలకు, పిల్లర్ కాడ పెట్టిన. అయితే ఏంది?"

"రేపు గుడ పెడ్తవా?"

క్రాంతికి ఒళ్లు మండింది.

"రేపే కాదు, రోజు పెడ్త! మా ఇల్లు, మా ఇష్టం!" అని తలుపు ధడేలున వేశాడు.

"ఎవరు?" వంటింట్లోంచి భార్య సాహితి అడిగింది.

"కింది ముసలాయన. కొట్లాటకొచ్చిండు."

"రాక ఏం జేస్తడు? షాపాయన ముందుగాలనే చెప్పలే? అపార్ట్‌మెంట్ల చిన్న సౌండ్‌బార్ చాలు, గోటితో పోయేదానికి గొడ్డలెందుకని?"

చెప్పాడు, నిజమే. కానీ బెజ్జంకి బడిలో చదివే రోజుల నుంచీ క్రాంతికి ఒకటే కోరిక. సినిమా చూస్తుంటే డప్పు దెబ్బ గుండెకు తగలాలి, అదీ సొంత ఇంట్లో. ఆ కోరిక కోసం సోఫాను వదులుకున్నాడు. ఇప్పుడు హాల్లో ఐదు స్పీకర్లు, ఒక బేస్ డబ్బా, వాటి ముందు రెండు ప్లాస్టిక్ కుర్చీలు.

వారం తిరగకుండానే అపార్ట్‌మెంటంతా లేచి కూర్చుంది.

నాలుగో అంతస్తులో మునీరా ఇంటి గాజు గ్లాసులు ఒకదానికొకటి తగిలి పగిలాయి. ఎదురింటి యాదవ్వ పూజగదిలో గంట దానంతట అదే మోగింది. దేవుడే వచ్చాడని యాదవ్వ కొబ్బరికాయ కొట్టింది. అసలు సంగతి తెలిశాక వచ్చి, "నా కాయ నాకియ్యి" అని గుమ్మంలో కూర్చుంది.

ఇంతమందితో పెట్టుకుని లాభం లేదనుకున్నాడు క్రాంతి. పోరు నష్టం, పొందు లాభం. ముందు కింది ముసలాయనతోనే రాజీ పడాలి. ఆయన మెట్లు దిగుతుంటే వెనక నుంచి పిలిచాడు.

"పెద్దాయనా! జర ఆగున్రి!"

రాజమల్లయ్య ఆగలేదు. మూడుసార్లు పిలిచినా తిరిగి చూడలేదు.

"ఏం పొగరు!" అనుకున్నాడు క్రాంతి.

శుక్రవారం అపార్ట్‌మెంటు వాళ్లు లిఫ్ట్ పక్కన కాగితం అంటించారు. ఆదివారం అందరూ వచ్చి చూస్తారట. ఇల్లు వణికిందా, క్రాంతి డబ్బా అదే రోజు బయటికి పోవాలట.

"మంచిగైంది. గా జాగల గ్రైండర్ పెట్టుకుంట," అంది సాహితి.

క్రాంతికి ఆ రోజు అన్నం సహించలేదు.

శనివారం పొద్దున్నే మళ్లీ బెల్. రాజమల్లయ్య! చేతిలో గోనెసంచి.

"కాగితం చూసిన," అని అరిచాడు.

డబ్బాను సంచిలో వేసుకుపోవడానికే వచ్చాడనుకున్నాడు క్రాంతి.

"రేపటిదాకన్న ఉండనియ్యున్రి పెద్దాయనా!" అని బతిమాలాడు.

రాజమల్లయ్య చేత్తో అతణ్ని పక్కకు జరిపి లోపలికి నడిచాడు. డబ్బాను పిల్లర్ దగ్గర్నుంచి గజం దూరం లాగాడు. సంచిలోంచి నాలుగు మందపాటి రబ్బరు ముక్కలు తీసి దాని కాళ్ల కింద పెట్టాడు.

"మిల్లుల మిషన్ల కింద గివే పెడ్తం. ఓ గిలాసెడు నీళ్లు దే."

నీళ్ల గ్లాసు నేల మీద పెట్టాడు.

"ఇగ పెట్టు పాట."

పాట మోగింది. డప్పు దెబ్బ నేరుగా గుండెకు తగిలింది. గ్లాసులో నీళ్లు మాత్రం కదల్లేదు.

రాజమల్లయ్య పిల్లర్‌కు అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు అలాగే ఉండి, మెల్లగా చెయ్యి తీశాడు.

"ఇగ కిందికేం రాదు. నీ డబ్బా ఎవ్వలు ముట్టరు బిడ్డా."

"చాయ్ తాగి పోన్రి!" వెనక నుంచి పిలిచాడు క్రాంతి.

ఆయన తిరిగి చూడకుండానే మెట్లు దిగిపోయాడు.

"మనిషి మంచోడే. మర్యాదే తెల్వదు," అన్నాడు క్రాంతి సాహితితో.

ఆదివారం అందరూ వచ్చారు. యాదవ్వ మాత్రం తన పూజగదిలో గంటనే చూస్తూ అరగంట కూర్చుంది. గంట మోగలేదు. ఆమె కొంచెం నిరాశపడినట్టే కనిపించింది. డబ్బా గెలిచింది.

సాయంత్రం క్రాంతి పావుకిలో జిలేబీ పట్టుకుని కిందికి వెళ్లాడు. రాజమల్లయ్య కూతురు వినీత తలుపు తీసింది.

"బాపు పండుకుండు అన్నా. నిన్నటి సంది జర ఉషారు లేడు."

"అయ్యో! మా సౌండ్‌తోని ఇన్ని రోజులు ఆయనకు బాగా తకలీఫ్ అయినట్టుంది."

"తకలీఫా?" వినీత ఆశ్చర్యపోయింది. "ముప్పయ్యేండ్లు రైస్ మిల్లుల చేసిండన్నా. గా మోతకు బాపు రెండు చెవులు పోయినయి. మూతి కదిలేది చూసే మాట తెలుసుకుంటడు."

క్రాంతి చెయ్యి మీసం మీదికి వెళ్లి అక్కడే ఆగిపోయింది.

"మరి మొదటి రోజే పైకెందుకొచ్చిండు? రేపు గుడ పెడ్తవా అని అడిగిండు గద!"

వినీత పక్కకు జరిగి హాలు మూల చూపించింది. అక్కడ పిల్లర్‌కు ఆనించి ఒక ఖాళీ కుర్చీ ఉంది.

"పదకొండేండ్లకు మల్ల పాట దొరికిందే బిడ్డా అని, మొన్నటిదాక రోజు గీ కుర్చీల కూసోని, మీరు ఎప్పుడు పెడ్తరా అని పిల్లర్ మీద చెయ్యి వేసుకొని సూసేటోడన్నా."