చివరి బంతికి లేచిందెవరు?

"గడప దాటావంటే కాళ్ళు విరగ్గొడతా!"

పెట్టెతో గుమ్మంలోకి వచ్చిన బావమరిది అక్కడే ఆగిపోయాడు. కింద కారు హారన్ మోగుతోంది. పెళ్ళి హాలుకు బయల్దేరాల్సిన సమయం దాటిపోతోంది.

"బావా, మేనకోడలి పెళ్ళి. ఇవాళైనా వదిలెయ్."

"వదిలెయ్యాలా? కప్పును వదిలేశాం, చాలదూ?" పెద్దాయన గుడ్లురిమాడు.

పాతికేళ్ళ నాటి గొడవ అది. ఫైనల్ మ్యాచ్. చివరి బంతి. రెండు పరుగులు చేస్తే కప్పు మనది. టీవీ ముందు ఎక్కడ కూర్చున్నవాళ్ళు అక్కడే ఉండాలి, లేస్తే వికెట్ పడుతుంది. ఆ ఇంటి కట్టుబాటు అది. వికెట్ పడింది. దేశం ఏడ్చింది. ఆ రాత్రి ఈ ఇంటి కిటికీ అద్దాలు కూడా పగిలాయి.

ఎవరో లేవబట్టే ఓడామని పెద్దాయన తేల్చేశాడు. ముద్దాయి బావమరిది. శిక్ష, ఈ గడప తొక్కకపోవడం.

"మామయ్య రాకపోతే నేనూ రాను," పెళ్ళికూతురు చెప్పులు విప్పేసి సోఫాలో కూలబడింది. "పెళ్ళికొడుకును నువ్వే చేసుకో నాన్నా."

పెద్దాయనకు చెమట పట్టింది. అయినా తగ్గలేదు.

"ఒరేయ్, నిజం చెప్పు. ఎందుకు లేచావ్?"

"లేవలేదు బావా! బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నా. కాలు తిమ్మిరెక్కినా కదల్లేదు."

"మరి మంచినీళ్ళకని వంటింట్లోకి పోయిందెవరు?"

"దాహంతో చచ్చాను గానీ పోలేదు."

"అప్పటి జట్టంటే ఏమనుకున్నావ్?" పెద్దాయన ఛాతీ విరుచుకున్నాడు. "పులులు! ఇప్పటివాళ్ళు జుట్టు దువ్వుకునేసరికి ఓవర్ అయిపోతుంది. అలాంటి జట్టును నట్టేట ముంచావు కదరా! ఆ బంతి లెగ్‌స్టంప్ బయటికి పోయేదే. నువ్వు లేచావు, లోపలికి తిరిగింది."

"నేను సోఫాలోంచి లేస్తే బంతి అక్కడెలా తిరుగుతుంది బావా?"

"నాకు సైన్సు చెప్పకు!"

మూల కుర్చీలోంచి నానమ్మ చెయ్యెత్తింది. "నేను తుమ్మానురా."

"తుమ్ము లెక్కలోకి రాదమ్మా. లేవాలి."

"తుమ్మినప్పుడు కాస్త లేచానేమో."

"కాస్త లేస్తే అంపైర్ ఇవ్వడు!"

మళ్ళీ హారన్. ఈసారి ఆగకుండా. పెళ్ళికొడుకు ఫోన్ కూడా మొదలైంది.

అంతవరకూ గదులకు తాళాలు వేస్తున్న పెద్దాయన భార్య, చేతిలోని గుత్తిని బల్ల మీద ఠపీమని కొట్టింది.

"పాతికేళ్ళు నోరు మూసుకున్నాను. ఇక నావల్ల కాదు. ఎవరివల్ల ఓడిపోయామో చెప్పేస్తా."

బావమరిది పెట్టె కింద పెట్టేశాడు. పెద్దాయన అతడి వైపు 'ఇప్పుడేమంటావ్' అన్నట్టు చూశాడు.

"మేమంతా కూర్చున్నచోటే కూర్చుని టీవీలో చూస్తూనే ఉన్నామండీ, కళ్ళు మూసుకుని బ్యాటు ఊపి క్లీన్ బౌల్డ్ అయింది మీరే!"