ఊటలో దిగడానికి ఒక తోడు

ఫోన్ మోగింది. ఇంకెవరు, ఆవిడే.

"బాబూ, ఆ నీళ్ళు మరీ చల్లగా ఉంటాయంటారా?"

అతను కళ్ళు మూసుకుని ఓపిక తెచ్చుకున్నాడు. నిన్నా ఇదే ప్రశ్న, మొన్నా ఇదే ప్రశ్న.

"ఊట నీళ్ళమ్మా. ఏడాది పొడుగునా ఒకేలా ఉంటాయి. చలికాలంలో అయితే బయటికంటే లోపలే వెచ్చగా ఉంటుంది."

"నిజంగానా?"

"నిజంగానే."

"హమ్మయ్య" అని ఆవిడ ఫోన్ పెట్టేసింది.

అతని పని ట్రిప్పులు ప్లాన్ చేయడం. ఊరికి దూరంగా అడవిలో ఉన్న మంచినీటి ఊటల దగ్గరికి జనాన్ని తీసుకెళ్ళే కంపెనీ అది. నోట్లో స్నార్కెల్ గొట్టం పెట్టుకున్నవాళ్ళు పైపైన ఈదుతారు. గాలి సిలిండర్ కట్టుకున్నవాళ్ళు కాస్త లోతుకు దిగుతారు. ఏ వ్యాను ఎప్పుడు బయల్దేరాలి, ఎవరికి ఏ సైజు రబ్బరు సూటు సరిపోతుంది, ఎవరికి ఎవరు తోడు, అన్నీ అతనే చూడాలి. ఆఫీసంతా కలిపి ఒకటే గది. సగం గదిలో తడి సూట్లు వేలాడుతుంటాయి, మిగతా సగంలో అతనుంటాడు. ఆ రబ్బరు వాసన అతని ఒంటికి పట్టేసింది. ఇంటికెళ్ళినా వదలదు. అదేం వాసన అని విసుక్కోవడానికి ఇంట్లో ఎవరూ లేరు.

ఈ పనిలో ఒక నియమం ఉంది. ఎంతటి ఈతగాడైనా సరే, తోడు లేకుండా నీళ్ళలో దిగకూడదు. ఇద్దరిద్దరుగా దిగాలి, ఒకరినొకరు కనిపెట్టుకుని ఉండాలి. అతనికి ఈత వచ్చు, డైవింగు కూడా నేర్చుకున్నాడు. లేనిదల్లా తోడే. అందరికీ జతలు కుదిర్చి, తను మాత్రం ఒడ్డున తువ్వాళ్ళు పట్టుకుని కూర్చునేవాడు. గైడు అతనికి 'ఒడ్డు మాస్టారు' అని పేరు పెట్టాడు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు కానీ లోపల చివుక్కుమనేది.

ఇక ఆవిడ సంగతికొస్తే, జలగలా పట్టుకుంది. అదీ అన్నిట్లోకీ పెద్ద ఊట గురించే. "తాబేళ్ళుండే ఊట ఇంకోటి ఉందమ్మా, చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు" అని ఊరించి చూశాడు. వద్దంటే వద్దంది.

"పెద్ద ఊటకి జనం బాగా వస్తారా బాబూ?"

"సెలవు రోజుల్లో కిటకిటే. పిల్లలైతే ఒకటే గోల. ప్రశాంతంగా కావాలంటే మామూలు రోజున పెట్టిస్తాను."

"వద్దొద్దు. గోల ఉంటేనే మంచిది."

గోల కావాలని అడిగిన కస్టమర్ని అతను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇంకో రోజు కొత్త అనుమానం వచ్చింది ఆవిడకి.

"అడుగున గుహ ఉంది కదా, దానికి ఇనుప కమ్మీలు బిగించారట. అవి ఎప్పుడైనా తీస్తారా?"

పాపం, భయపడుతోందనుకున్నాడు. అతను ఈ పనిలో చేరేటప్పటికే ఆ కమ్మీలకు నాచు పట్టి ఉంది.

"ఛ ఛ, తీయనే తీయరమ్మా. అది ఇక మూసేసినట్టే. మీరు లోపలికి పోతానన్నా పోలేరు. ధైర్యంగా రండి."

 "సరే బాబూ" అంది ఆవిడ, నెమ్మదిగా. మొత్తానికి ధైర్యం చెప్పగలిగానని అతను సంబరపడ్డాడు.

రానురాను ఆవిడ ఫోన్ రాకపోతే అతనికి తోచేది కాదు. విసుక్కున్నవాడే ఎదురుచూడడం మొదలుపెట్టాడు. ట్రిప్పుల గురించి అడిగేవాళ్ళు బోలెడుమంది. భోంచేశావా అని అడిగింది ఆవిడొక్కతే. తనలాగే ఆవిడకీ ఎవరూ లేరేమో, పొద్దుపోక ఫోన్ చేస్తోందేమో అనుకున్నాడు.

చివరికి ఆవిడ ట్రిప్పుకి పేరిచ్చింది.

"మీకు తోడెవరమ్మా?"

"నాకెవరున్నారు బాబూ? నువ్వు రాకూడదూ?"

అతను తోడు అన్న చోట తన పేరే రాసుకున్నాడు. ఇన్నేళ్ళలో నువ్వు రా అని పిలిచినవాళ్ళు లేరు. ఇక అప్పట్నుంచి ఒకటే బెంగ. వాన పడితే? ఆవిడకి జలుబు చేస్తే? ఆఖరి నిమిషంలో వద్దులే అంటే? సూటు తొడుక్కుని, పొట్ట లోపలికి బిగబట్టి అద్దంలో చూసుకున్నాడు కూడా.

ఆవిడ వచ్చింది. నెరిసిన జుట్టు, బక్కపల్చటి మనిషి. ఫోన్‌లో అన్ని ప్రశ్నలు వేసిన మనిషి వ్యానులో దారి పొడుగునా కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఊట దగ్గర అతన్ని సూటులో చూసి గైడు నోరెళ్ళబెట్టాడు. అతను పట్టించుకోలేదు. ఆవిడకి మాస్కు తగిలించి, ఊపిరి ఎలా తీసుకోవాలో చూపించి, చెయ్యి పట్టుకుని నీళ్ళలోకి దించాడు. చాలా రోజుల తర్వాత అతనికి సంతోషంగా ఉంది.

ఇద్దరూ పక్కపక్కనే తేలుతూ నీళ్ళలోకి చూశారు. అడుగున ఇసుక రేణువులు కూడా కనిపిస్తున్నాయి. చేపల గుంపు వచ్చింది, పోయింది. ఆవిడ వాటి వైపు చూడలేదు. కమ్మీల మీదున్న చూపు తిప్పలేదు. మిగతావాళ్ళు ఈదుకుంటూ దూరం వెళ్ళిపోయారు. ఆవిడ ఉలుకూ పలుకూ లేకుండా ఉండేసరికి అతనికి కంగారు పుట్టి భుజం తట్టాడు.

ఆవిడ తల పైకెత్తింది. మాస్కులో నీళ్ళు నిండి ఉన్నాయి. సరిగ్గా బిగించలేదేమోనని అతను నొచ్చుకున్నాడు.

"భయం పోయిందా అమ్మా?"

ఆవిడ మాస్కు తీసి, అతని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

"ఎంత వెతికినా మా అబ్బాయి దొరకలేదు బాబూ, వాణ్ణి లోపలే వదిలేసి ఆ కమ్మీలు బిగించేశారు."