సార్ గారి కోటు

"ఏడాది తిరిగేసరికి మన ఆఫీసు కరెంటు వాడకం సగానికి తగ్గాలి. భూమ్మీద మన మనవలు కూడా బతకాలిగా!" అన్నాడు మేనేజరు, కోటు గుండీలు పెట్టుకుంటూ. "అవసరమైతే నా బట్టతల మీద సోలార్ పలకలు బిగించుకోండి."

అందరూ పడీపడీ నవ్వారు. నవ్వే నోళ్లలో పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. తన జోకు పేలినందుకు మేనేజరు మురిసిపోయాడు. అంతలో, సెక్రటరీ తల మీదుగా శాలువా కప్పుకోవడం కంటబడింది.

"ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?"

"చలి సార్. ఏసీ పదహారులో ఉంది."

"పదహారా! ఎవరు పెట్టమన్నారు?"

"ఎవరూ పెట్టమనలేదు సార్. మీరు రోజూ కోటు వేసుకునే వస్తారు కదా, ఉక్కపోస్తుందేమోనని మేమే..."

మేనేజరు నోరు తెరిచాడు. "అమ్మా, ఈ గదిలో చలికి తట్టుకోలేకే కదా నేను కోటు కుట్టించుకుంది!"

ఆయనే లేచి ఏసీ కట్టేసి, కిటికీలు తీసి, కోటు విప్పి కుర్చీకి తగిలించాడు. సెక్రటరీ ముందు, మిగతావాళ్ల ముందు తనే దోషిలా నిలబడ్డాడు.

"నేను అడక్కుండానే నాకోసం ఇంకా ఏమేం వృథా చేస్తున్నారు? భయపడకుండా చెప్పండి."

అకౌంటెంటు చెవుల్లోని దూది తీసి జేబులో వేసుకున్నాడు.

"మీ జోకులకు నవ్వుతున్నాం సార్."

నవ్వాలా వద్దా అని అందరూ మేనేజరు మొహంలోకే చూశారు.

"నన్ను చూడకండయ్యా! నవ్వొస్తే నవ్వండి, రాకపోతే మానండి."

అప్పుడొచ్చింది నవ్వు, ముందుగా ఆయనకే.