ఇంకొంచెం గొంతు

"గొంతు ఇంకొంచెం పెంచు," అన్నాడు మొగుడు, హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకుంటూ.

ఇల్లాలు పెంచింది. ఇది నాలుగోసారి.

ఆదివారం పొద్దున. ముందుగదిలో సోఫాని గోడకి నిలబెట్టేసి, ఆ చోట్లో డ్రమ్ములు వేసుకుని మరిది కూర్చున్నాడు. వంటింటి గుమ్మంలో స్టూలు మీద బేస్ గిటారు మాస్టారు. కిటికీ పక్కన గిటారుతో మొగుడు. భోజనాల బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన హెడ్‌ఫోన్ల పెట్టె. ఎవరి చెవిలో ఏది ఎంత వినపడాలో తిప్పి పెట్టే పని ఇల్లాలిది. పాట ఎప్పుడో రికార్డయిపోయింది. అది వింటూ ముగ్గురూ వాయిస్తే సరి, సాయంత్రానికి లోకమంతా వింటుంది.

"వదినా, నా చెవిలో తాళం కొట్టే టిక్కుటిక్కు గట్టిగా పెట్టి, గొంతు తగ్గించెయ్," అన్నాడు మరిది. "అది వింటుంటే తాళం వదిలేసి నోరు తెరుచుకుని కూర్చుంటున్నా."

అనేసి, వదిన మొహం చూసి నాలిక్కరుచుకున్నాడు.

మాస్టారుది ఏ గొడవా లేదు. ఆయనకి డ్రమ్ములు వినపడితే చాలు. గొడవంతా మొగుడితోనే.

"ఇంకొంచెం."

"ఇంతకన్నా పెంచితే చెవులు పోతాయి."

"పోతే పోయాయిలే."

ఇల్లాలికి ఒళ్ళు మండిపోయింది. వంటింట్లోంచి మూడుసార్లు పిలిస్తే నాలుగోసారికి "ఆఁ? ఏమన్నావ్?" అనే మనిషి! ఇవాళ ఆవిడ ఊపిరి తీసుకున్న చప్పుడు కూడా కావాల్ట. పైగా కళ్ళు మూసుకుని ఆ నవ్వొకటి. తన ముందు అలా నవ్వి ఎన్నాళ్ళయిందో.

పోనీ, ఆవిడ ఎక్కడో స్టూడియోలో పాడిందా? లేదు. ఈ ఇంట్లోనే, ఈ పడకగదిలోనే, ఇల్లాలి దుప్పట్లే కిటికీలకి కట్టించుకుని మరీ పాడింది. ఎంత ధీమా! పాడుతున్నంతసేపూ ఈ మహానుభావుడు గోరువెచ్చని నీళ్ళ గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడ్డాడు. ఇదేమీ ఇల్లాలికి ఎవరో చెప్పిన మాట కాదు.

సవతి మట్టిబొమ్మయినా ఓర్చుకోలేరంటారు. ఇక్కడ బొమ్మ కూడా లేదు, ఉత్త గొంతు. ఉత్త గొంతు మీద ఇంత కుళ్ళేమిటని తనని తనే తిట్టుకుంది. తిట్టుకుంటే పోయే జబ్బా అది?

రెండో చరణం నడుస్తోంది. ఆమె చెయ్యి దానంతటదే వెళ్ళి, మొగుడి చెవిలోంచి ఆ గొంతుని పూర్తిగా తీసేసింది.

గిటారు టక్కున ఆగింది.

"ఏమైంది? గొంతు పోయింది!" అని అరిచాడు. అరిచి, తల దించుకున్నాడు. డ్రమ్ములు కూడా ఆగాయి. మాస్టారు గోడకేసి చూడసాగాడు.

"టిక్కుటిక్కు ఉందిగా, వాయించలేవా?" అంది బొంగురుగా.

"అది వినపడకపోతే నా చేతులు కదలవే."

"ఎందుకు కదుల్తాయి! పొద్దస్తమానం పక్కనుండే దాని మాటకైతే అసలే కదలవు."

మొగుడు హెడ్‌ఫోన్లు తీసి బల్ల దగ్గరకొచ్చాడు. "నీకు ఇష్టం లేకపోతే వద్దు. చెరిపెయ్. ఇంకెక్కడా దాచలేదు, ఉన్నది ఇదొక్కటే. ఒట్టు, మళ్ళీ ఆ ఊసెత్తను."

"అన్నయ్యా!" అన్నాడు మరిది.

ఒక్క నొక్కు. అంతే, పీడ విరగడవుతుంది. ఆమె వేలు మీట మీదికి వెళ్ళింది. చెరిపేముందు ఒక్కసారి, వంకలు పెట్టడానికైనా విందామనుకుంది. పొద్దుట్నుంచీ పెట్టె మీది పచ్చదీపాలు చూసి తిప్పడమే తప్ప, తను చెవి పెట్టనే లేదు. హెడ్‌ఫోన్లు తగిలించుకుంది.

మొదటి నుంచి చివరిదాకా విన్నది. ఒక్క వంకా దొరకలేదు. అసూయ తగ్గకపోగా రెట్టింపయింది. కానీ చెరపడానికి చేతులు రాలేదు.

"మళ్ళీ మొదట్నుంచి వాయించండి," అంది. మొగుడు అడక్కుండానే ఇంకొంచెం పెంచింది.

మధ్యాహ్నానికి పాట కుదిరింది. మరిది కంప్యూటరు ముందు కూర్చుని వివరాలు నింపుతున్నాడు. గిటారు అన్నయ్య, బేస్ మాస్టారు, డ్రమ్ములు తను. ఆ తర్వాతి గడి దగ్గర ఆగిపోయాడు.

"వదినా, పాడినవాళ్ళ పేరు వెయ్యనా, వద్దా?"

ఇల్లాలు మొగుడి వంక చూడకుండా, మూడేళ్ళ కిందట గొంతు ఆపరేషన్‌కి వెళ్ళే ముందురోజు ఆఖరిసారిగా ఈ పాట నోరారా పాడుకున్న తన పేరే చెప్పింది.