తొంభై గ్రాముల తేడా

“మళ్ళీ తూకమా, పెద్దాయనా?”

గానుగ కొట్టు అమ్మాయికి ఒళ్ళు మండింది.

 ఆమె లీటరు కొలతతో నిండుగా పోసిన నూనె సీసాను ఆయన తన సంచీలోని కొక్కెం కాటాకి తగిలించి, కళ్ళజోడు సర్దుకుని చూశాడు.

“లీటరుకి సరిపోయింది,” అన్నాడు, వెనక నిలబడ్డవాళ్ళందరికీ వినిపించేలా.

ప్రతి సోమవారం ఇదే తంతు. అదీ కొట్టు కిటకిటలాడే వేళ చూసుకుని మరీ వస్తాడు. నమ్మకం లేనివాడు ఇంకో కొట్టు చూసుకోవచ్చు కదా అని ఆమె లోలోపల సణుక్కునేది.

తూకమంటేనే ఆమెకి గుండె దడ. ఆమె బడికెళ్ళే రోజుల్లో, ఇదే కొట్టులో తండ్రి పోసిన లీటరు నూనెని ఎవరో ఇంటికెళ్ళి తూచి, తొంభై గ్రాములు తక్కువన్నారట. దొంగ కొలతన్న మాట వీధంతా పాకింది. ఆయన నలుగురిలో తలెత్తుకోలేక కొట్టు మూసేశాడు. ఆ దిగులుతోనే పోయాడు.

ఆరు నెలల కిందట ఆమె మళ్ళీ తలుపులు తీసింది. ఇంకోసారి ఆ మాట వచ్చిందంటే కొట్టూ దక్కదు, తండ్రి పేరూ ఇక బాగుపడదు.

ఆ మాట రానే వచ్చింది.

పెద్దాయన ఇంకా సీసా సంచీలో పెట్టుకుంటున్నాడు. బేకరీ యజమాని నూనె డబ్బా తెచ్చి గట్టు మీద దబ్బున దించాడు.

“పది లీటర్లు పోశావు. తూస్తే తొమ్మిది కిలోల చిల్లర. మిగతాది ఏమైందమ్మా?”

“కొలత నిండా పోశానన్నా.”

“మరి తూకం అబద్ధం చెప్తుందా?”

 ఆమెకి కొలిచి పోయడమే తెలుసు, ఏనాడూ తూచిన పాపాన పోలేదు. వరసలో ఇద్దరు వెనక్కి తిరిగారు. నాన్న కూడా ఇక్కడే, ఇలాగే నోట మాట రాక నిలబడి ఉంటాడనిపించి, కళ్ళనీళ్ళు తిరిగాయి.

“కాసిని నీళ్ళివ్వమ్మా,” అన్నాడు పెద్దాయన.

అదే కొలతతో నీళ్ళు కొలిచి, తన సీసాలాంటిదే ఇంకో సీసాలో పోయించాడు. తూచాడు. సీసా బరువు పోను కిలో. తరవాత నూనె సీసా తూచాడు. సీసా బరువు పోను తొమ్మిదివందల పది గ్రాములు.

“కొలత ఒకటే బాబూ. నూనె నీళ్ళకన్నా తేలిక, అందుకేగా పైకి తేలేది. పిండిలోకి లీటరు కావాలంటే తొమ్మిదివందల పది తూచుకో. కిలో పోశావంటే నీ బిస్కెట్లు జిడ్డోడతాయి.”

బేకరీ ఆయన నాలిక కరుచుకున్నాడు.

“జిడ్డోడుతున్నాయనే మా ఆవిడ నెల్లాళ్ళుగా తిడుతోంది. తప్పయిపోయిందమ్మా.”

అందరూ నవ్వారు. వెనక్కి తిరిగిన ఇద్దరూ మళ్ళీ వరసలో నిలబడ్డారు.

ఆమెకి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. దాంతోపాటు కోపమూ వచ్చింది.

“ఇంత తెలిసినవాళ్ళు ఇన్నాళ్ళూ నాకొక్క ముక్క చెప్పలేకపోయారా?”

“నాకూ ఆలస్యంగానే తెలిసిందమ్మా,” అని ఆయన తలొంచుకుని వెళ్ళిపోయాడు.

పై సోమవారం రాలేదు. ఆ పై సోమవారమూ రాలేదు. ఆమె నూనె పోస్తూనే వీధి వైపు చూసేది.

మూడో సోమవారం ఒకావిడ వచ్చింది, అదే సంచీతో.

“మావారు పోయారమ్మా. గుండె జబ్బు. నూనె ముట్టొద్దని డాక్టరు చెప్పి ఏడాదయింది. నువ్వు పోసిన సీసాలన్నీ మూత తీయకుండా అలాగే ఉన్నాయి.”

ఆమె చేతిలోని కొలత పక్కన పెట్టింది.

“ఆ రోజు అందరిలో నా పరువు కాపాడారు, సొంత బాబాయి కూడా అంత చెయ్యడండీ. నేను ఒక్కనాడైనా ఆయన్ని మంచిగా పలకరించలేదు. మరి తిననివాళ్ళు అన్ని సీసాలు ఎందుకు కొన్నారు?”

ఆవిడ ఆమె చెయ్యి పట్టుకుంది. 

“అప్పట్లో మీ నాన్నగారి నూనె ఇంటికి తెచ్చి తూచి, కిలో లేదని వీధంతా చెప్పింది ఆయనే తల్లీ.”