మొదటి పేజీ

ఈ ఉదయం పుస్తకం అట్ట మీద గుండ్రంగా టీ కప్పు మరక కనిపించింది. మా పాప సిరి పుట్టినప్పుడు వచ్చిన గ్రీటింగ్ కార్డులను దాచడానికి నేను చేత్తో కుట్టిన పుస్తకం అది. టకానిని అనే ఊళ్లోని మా ఇంట్లో, సోఫా పక్క బల్ల మీద ఉంచాను.

అత్తయ్య మొదటి పేజీ తెరిచారు. అక్కడ మా అమ్మ పంపిన కార్డు ఉంది.

“పసిబిడ్డ బుక్కులో మొట్టమొదట మొగుడు పోయినావిడ పేరా? కాన్వెంట్‌లో ఇదేనా నేర్పింది?”

“అమ్మ కార్డే ముందు వచ్చింది అత్తయ్యా.”

“సాయంత్రం గెస్టులొస్తారు, అందరూ చూస్తారు. తీసెయ్.”

“తీయను.”

“అబ్బో, నోరు కూడా ఉందే నీకు!”

ఆవిడ ఆ పేజీని పట్టుకుని ఒక్క లాగు లాగారు. అది చేతిలోకి వచ్చేసింది. దానితోపాటే చివరి పేజీ కూడా దారంలోంచి జారి కార్పెట్ మీద పడింది. బంగారు అంచు కార్డు, కింద ఆవిడ పెట్టిన సంతకం.

“నాదెందుకు ఊడిందే?”

నేను పాపను ఎత్తుకున్నాను.

కాగితాలను మధ్యకు మడిచి కుట్టిన పుస్తకంలో మొదటి పేజీ, చివరి పేజీ ఒకే కాగితం. అత్తయ్య కార్డును అక్కడ అతికించేటప్పుడు ఆ సంగతి నాకు తెలుసు.