తాత పక్కన తావు

ఆ ఆదివారం ఇంట్లో నలుగురున్నారు. పొయ్యి దగ్గర జొన్నరొట్టెలు కొడుతున్న రెజీనా అవ్వ, మంచం మీద కొడుకు ఏసురాజు, చేటలో బియ్యం ఏరుతున్న కోడలు కృపమణి, తలుపు చాటున మనవరాలు స్తుతి. గోడ మీది పటంలో ఉన్న తాతను కలిపితే ఐదుగురు. అవ్వ ఎప్పుడూ కలిపే లెక్కపెట్టేది.

"సమాధుల తోటలో ఒక్క తావే మిగిలుండాదంట, మామ పక్కన. కడమదంతా బండ. గడ్డపార దిగదు," అంది కృపమణి. "అది కంబన్నకు కావాలని గిడ్డమ్మ సంఘ పెద్దల చుట్టూ తిరుగుతాంది."

గిడ్డమ్మ మొగుడు కంబన్న మూడు నెలలుగా మంచాన ఉన్నాడు. అవ్వకూ గుండె బాగా నీరసించిందని కర్నూలు డాక్టరు చెప్పి పంపాడు.

"ఇచ్చేసినారా?" గబుక్కున అడిగింది అవ్వ.

"ఇంగా లేదులేమ్మా. దిగులు పడాకు," అన్నాడు ఏసురాజు.

"పాపం, కంబన్నకే ఇయ్యమనప్పా. నన్ను యాడన్నా ఓ మూల పెట్టండి, సాలు."

"సూడు, ఎంత మంచి మనసో!" అని ఏసురాజు కళ్ళు తుడుచుకున్నాడు.

తాత పోయి పదకొండేళ్ళు. ఇప్పటికీ నాలుగింటికే అవ్వకు మెలకువ వచ్చేస్తుంది. "మా నాయనకు అమ్మ చేతి వేడి రొట్టె తప్ప గొంతు దిగేది గాదు. సల్లారిందంటే పళ్ళెం వాకిట్లో పడాల్సిందే," అని ఏసురాజు నవ్వుతూ చెప్పేవాడు. అంచు సొట్టలు పడిన ఆ పళ్ళెం ఇంకా ఇంట్లోనే ఉంది.

పోయిన ఈస్టరు తెల్లవారుజామున సమాధుల దగ్గర అవ్వ పాస్టరయ్యను పట్టుకుని అడిగింది.

"కడబూర మోగి సచ్చినోళ్ళు లేసేటప్పుడు ఈ ఒళ్ళే లేస్తాదా అయ్యా?"

"ఈ ఒళ్ళేనమ్మా, మహిమతో."

"పక్కపక్కన పండుకున్నోళ్ళు పక్కపక్కనే లేస్తారా? గుర్తుపడతారా?"

"ఎందుకు పట్టరు? రెజీనా అని నీ మొగుడే ముందు కేకేస్తాడు సూడు."

అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. చూసినవాళ్ళందరికీ కళ్ళు చెమర్చాయి.

"పెద్దలు ఈ పొద్దే తేలుస్తారు. నేను పోదామంటే పోయిన నెలే వాళ్ళతో కొట్లాడినా," అన్నాడు ఏసురాజు.

"నేను పోతే గిడ్డమ్మ నా జుట్టు పట్టుకుంటాది," అంది కృపమణి.

ఇద్దరూ స్తుతి వైపు చూశారు. బడిలో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. అవ్వ పిండి చేత్తోనే దాని మణికట్టు పట్టుకుంది.

"వద్దులేమే. ఎండ శానా ఉండాది. నీకేం మాటలొస్తాయి?"

అవ్వకు తన మీద ఉన్న జాలి చూసి స్తుతికి పౌరుషం వచ్చింది. ఓర్వకల్లు దారిలో, కాలే బండరాళ్ళ మధ్య, చెప్పాల్సిన మాటలు వల్లెవేసుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచింది.

చర్చి వరండాలో పెద్దలు కూర్చుని ఉన్నారు. ఒక పక్కన గిడ్డమ్మ.

"ఏమ్మే, నువ్వొచ్చినావు? ఇంట్లో పెద్దోళ్ళు లేరా?" అన్నాడు సంఘ పెద్ద ఏసుకుమార్.

వల్లెవేసిన మాటలన్నీ ఎగిరిపోయాయి. చివరకు ఒక్కటే నోట్లోంచి వచ్చింది.

"మా అవ్వ యాభై ఏండ్లు తాతకు రొట్టెలు కొట్టిపెట్టింది. లేసేటప్పుడు గూడా ఆయన పక్కనే ఉండాల."

ముందుగా ముక్కు చీదింది గిడ్డమ్మే.

"పోనీలేప్పా, రెజీనక్కకే రాయండి. నా మొగుణ్ణి మా సేను గట్టున పెట్టుకుంటా."

తిరిగి వచ్చేసరికి స్తుతి కాళ్ళు బొబ్బలెక్కాయి. అమ్మానాయనా ఇంట్లో లేరు. అవ్వ ఒక్కతే చల్లారిన పొయ్యి ముందు కూర్చుని ఉంది.

"అవ్వా! నేనే మాట్లాడినా. అందరి ముందరా!"

"కంబన్నకు ఇచ్చినారా?"

"లేదవ్వా, నీకే! తాత పక్కనే. రాసేసినారు గూడా. ఇంగ ఎవురూ మార్చలేరు."

అవ్వ పటం వైపు చాలాసేపు చూసింది. గోడ పట్టుకుని లేచి, ఒక్కో అడుగే వేస్తూ లోపలి గది వైపు పోయింది. స్తుతి వెనకే వెళ్ళింది. గడపలో అవ్వ ఆగింది.

"లేసినాంక గూడా ఆయప్పకు నేనే రొట్టెలు కొట్టాల్నా?" అంటూ స్తుతి ముఖం మీదే తలుపు వేసేసింది.